పందొమ్మిదో మజిలీ

మార్చి 15, ఆదివారం. కర్నూలులో మా కాలేజీ ప్రయోగశాలకు సెలవు. ఉదయం తొమ్మిదికి ఒక సెన్సరును బల్లకు అతికించి, కంప్యూటరుకు కలిపి, గదికి తాళం వేసి ఇంటికి వెళ్ళాను. సాయంత్రం ఐదుకు తిరిగి వచ్చి చూస్తే అది పెట్టినచోటే ఉంది. చుట్టూ పేరిన దుమ్ము కూడా చెదరలేదు. కాని దాని సొంత లెక్క ప్రకారం అది గోడలోంచి బయటపడి, తుంగభద్ర దాటి, ఉత్తరంగా ఎంతో దూరం వెళ్ళిపోయింది. నేను చూస్తూ ఉండగా ఇంకా వెళ్తూనే ఉంది. ఆనాటి పుటలో ఇలా రాసుకున్నాను: "ఎనిమిది గంటలు. అసలు కదలిక సున్న. వడపోత లేకుండా దీన్ని నమ్మరాదు."

కదలికను కొలిచే సెన్సరుకు ఇది పుట్టుజబ్బు. గోరంత కూడా ఉండని ఆ బిళ్ళ ఊరకే కూర్చుని కూడా తాను కొద్దిగా జరిగాననీ, కొద్దిగా తిరిగాననీ చెబుతుంది. క్షణానికొక చిన్న అబద్ధం. అబద్ధాలన్నీ కూడితే ఒక ప్రయాణం. అందుకే ఈ సెన్సరును ఒక చిన్న బండిలో పెట్టి, దాని చక్రాల సాక్ష్యాన్ని కూడా తీసుకుంటాము. ఎంత దూరం పోయిందో చక్రం చెబుతుంది, ఎటు తిరిగిందో సెన్సరు చెబుతుంది. చక్రం జారినప్పుడు తప్పు చెబుతుంది. ఇద్దరిలో ఎవరిని ఏ క్షణాన ఎంత నమ్మాలో తూచే లెక్కనే వడపోత అంటాము. అదికాక, బండిని పది మీటర్లకొకసారి రెండు నిమిషాలు పూర్తిగా ఆపుతాము. ఆగినప్పుడు కూడా సెన్సరు తిరుగుతున్నానంటే ఆ తిరుగుడంతా అబద్ధమే కదా. ఆ మేరకు తీసివేసి ముందుకు సాగుతాము. ఆ ఆగే చోట్లను నేను మజిలీలు అని రాసుకునేవాణ్ణి. పరికరాలతో ముప్పై ఏళ్ళు గడిపినవాణ్ణి, దినచర్య రాయకుండా నిద్రపోయిన రోజు లేనివాణ్ణి. వడపోత నా స్వభావానికి తగిన పని అని నమ్మేవాణ్ణి.

ఆ బండిని తయారుచేసింది ఒక ఇంటి కోసం.

రాయచోటి దారిలో గుట్టల నడుమ ఒక పల్లె ఉంది. ఆ గుట్టల్లో ఒకప్పుడు ముగ్గురాయి తవ్వారు. ముగ్గులకు వాడే తెల్లని పొడి దాన్నుంచే వస్తుంది కాబట్టి ఆ పేరు. గని మూతపడి నలభై ఏళ్ళయింది. పటాలు ఎవరి దగ్గరా లేవు. గుట్టలోకి ఒక సొరంగం పోతుందని మాత్రం అందరికీ తెలుసు, ఎటు తిరిగి పోతుందో తెలియదు. పల్లెలో అన్నిటికన్నా పైన ఉన్నది ఒక వితంతువు ఇల్లు. వయసు యాభై అయిదుంటుంది. భర్తా తానూ రాయి రాయి మోసి కట్టుకున్న ఇల్లు. ఇప్పుడు అందులో ఆమె, కొత్తగా వచ్చిన కోడలు ఉంటారు. కొడుకు బెంగళూరులో మేస్త్రీ పని. గడచిన వానల్లో వంటింటి గోడ వేలు దూరేంత పగిలింది. సొరంగం ఆ ఇంటి కిందుగా పోతున్నట్టయితే వానలు రాకముందే ఇల్లు ఖాళీ చేయాలి, పోకపోతే ఉండవచ్చు. తేల్చి చెప్పమని అధికారులు మా కాలేజీని అడిగారు. ఆమె ఆ ఇంట్లో ఉండడమా, పోవడమా అన్నది సొరంగం దారికి నేను గీసే గీత మీద ఆధారపడింది. భూమి లోపలికి ఉపగ్రహాల సంకేతం చేరదు కనుక, ఆ గీతను బండి తనంతట తానే లెక్కపెట్టుకుంటూ గీయాలి.

ఏప్రిల్ 18, శనివారం. ఎండ ముదరకముందే మొదలుపెట్టాలని ఉదయం ఏడు గంటల అయిదు నిమిషాలకు బండిని సొరంగం నోట దించాను. ఒకటిన్నర అడుగు పొడవు, నాలుగు చక్రాలు, ముందు దీపం, చిన్న కెమెరా, వెనుక రెండువందల యాభై మీటర్ల తీగ. దారి చూపడానికి ఒక ముసలాయన వచ్చాడు; ఆ గనిలో పనిచేసినవారిలో మిగిలింది ఆయనొక్కడే. బండి కదలబోతుంటే ఆగమని చెయ్యి చూపి, ఒక గుండ్రాయి తీసుకుని సొరంగం నుదుటి బండ మీద మూడుసార్లు కొట్టాడు. కొట్టి, చెవి ఒగ్గి, కాసేపు నిలబడ్డాడు. పాత అలవాటా అని అడిగాను.

"లోపలోళ్ళకు చెప్పొద్దా అప్పా? చెప్పకుండా పోతే బెదురుతారు" అన్నాడు.

లోపలివాళ్ళెవరో బండి నడుస్తుండగా చెప్పాడు. సొరంగం చివర ఒక మధ్యాహ్నం కప్పు కూలింది. ముగ్గురు అవతల ఉండిపోయారు. ఇవతలివాళ్ళు తవ్వుతూనే ఉన్నారు. అవతల నుంచి సుత్తి దెబ్బలు వినిపిస్తూనే ఉన్నాయి.

"రెండు దినాలు కొడ్తానే ఉండ్రి. మూడో దినం నిలిపేసినారు" అన్నాడాయన. పక్కింటివాళ్ళ సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

ఆ కూలిన రాళ్ళ దగ్గరే మా బండి ఆగిపోయింది. ఇరవై మూడు మజిలీలు, రెండువందల ముప్పై మీటర్లు. తిరిగి రావడానికి బ్యాటరీ చాలదని సెన్సరును ఆపి, తీగతో వెనక్కి లాక్కున్నాము. వచ్చేటప్పుడు కూడా కొలిచి ఉంటే పోయిన గీతా వచ్చిన గీతా కలవలేదని అక్కడే తెలిసేది. అది నా మొదటి తప్పు.

పని ముగించి ఆ ఇంటికి వెళ్ళాము. ఆమె కొర్రన్నం, చెనిక్కాయల చట్నీ పెట్టింది. కొర్రలు చేత్తో దంచి రాయచోటిలో ఒక శెట్టిగారి అంగడికి ఇస్తుందనీ, మిల్లువాటికన్నా వీటికే గిరాకీ అనీ చెప్పింది. వడ్డిస్తున్న కోడలి అరచేతికి గుడ్డ చుట్టి ఉంది. బొబ్బలెక్కాయని అత్త నవ్వింది. పెండ్లయి మూడు నెలలైనా చేతులు ఇంకా పుట్టింట్లోనే ఉండాయంది. గోడకు సిలువ, దాని కింద ఆ పగులు. ఇవన్నీ ఆ రోజు పుటలో ఉన్నాయి. రాసుకున్నాను, గమనించలేదు.

కర్నూలు వచ్చి లెక్క కట్టాను. గీత నున్నగా, అందంగా వచ్చింది. సొరంగం నూటయాభై మీటర్ల వరకు నేరుగా పోయి, అక్కడి నుంచి మెల్లగా తూర్పుకు వంగి, ఆమె వంటింటి మధ్య నుంచి ఏడు మీటర్ల అవతలగా సాగిపోయింది. ఏడు మీటర్ల ఎడం చాలునని అధికారులు అన్నారు. ఇంట్లో ఉండవచ్చని నివేదిక రాసి, ఏప్రిల్ 24న సంతకం చేసి పంపాను. ఆమెకొక ప్రతి అందింది. దాన్ని బైబిలులో పెట్టుకుందని తర్వాత తెలిసింది.

నాకొక అలవాటుంది. ఏ పనికైనా వాడినవీ వదిలినవీ కూడితే మొత్తం రావాలి. మే 3, ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఆ పద్దు రాస్తున్నాను. మొత్తం మజిలీలు ఇరవై మూడు. వడపోత ప్రోగ్రాము వాడుకున్నవి పదహారు. వదిలేసినవి ఏడు: పదహారు నుంచి ఇరవై రెండు దాకా, వరుసగా. వదలడానికి కారణం "బండి కదులుతున్నది" అని ఉంది. కాని ఆ రెండేసి నిమిషాలు చక్రాలు కదలలేదు. గాలి కూడా కదలని చీకట్లో ఆగి ఉన్న బండిని ఏది కదిపింది?

వడకట్టక ముందున్న అంకెలను తెరిచాను. తెర మీద చదునుగా ఉండవలసిన అదురు గీత మీద మొనలు లేచి ఉన్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది; మళ్ళీ పెద్దది, చిన్నది. మధ్య ఎడం సెకనుకు కొంచెం తక్కువ. రెండు నిమిషాల పొడుగునా తప్పలేదు. రాయిగానీ మట్టిగానీ అంత క్రమంగా రాలదు. ముసలాయన మాట గుర్తు వచ్చింది. గుర్తు రాకూడదనుకున్నాను. కంటికి తెలియనిది చెవికి తెలుస్తుందేమోనని ఆ అంకెలను శబ్దంగా మార్చి స్పీకరులో పెట్టాను. ధబ్, దబ్. ధబ్, దబ్. గది నిండా ఆ చప్పుడు. మే నెల మధ్యాహ్నం, ఫ్యాను తిరుగుతూ ఉంది, నా ముంజేతుల మీద వెంట్రుకలు నిక్కాయి.

అవతలి గదిలోంచి నా భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమెది కోడుమూరు. "ఎవురింట్లో దంచుతాండారు, ఇంత ఎండపూట?" అని అడిగింది.

ఆమె ఇంకాసేపు విని, "రెండు రోకండ్లు. ఒగామెకు చెయ్యి తిరిగింది. ఇంగొగామె కొత్త, బయపడి దించుతాండాది" అని చెప్పి, నీళ్ళ చెంబు తీసుకుని వెళ్ళిపోయింది.

కోడలి అరచేతికి చుట్టిన గుడ్డ అప్పుడు నాకు కనిపించింది.

ఆ సాయంత్రం చేసిన కూడిక ఇది. పదిహేనో మజిలీ ముగిసింది ఏడూ యాభైకి. పందొమ్మిదో మజిలీ చేరింది ఎనిమిదికి. ఆ పది నిమిషాలూ దంపుడు అదురు వల్ల ప్రోగ్రాము ఏ మజిలీనీ నమ్మలేదు, అంటే సెన్సరు అబద్ధాన్ని ఎవరూ తీసివేయలేదు. బయటి ఎండలోంచి లోపలి చల్లదనానికి పోయినందువల్ల ఆ అబద్ధం నిమిషానికి రెండు డిగ్రీలకు పెరిగింది. పది నిమిషాలకు ఇరవై, దారి పొడుగునా సగటున పది. నలభై మీటర్ల దారిలో పది డిగ్రీల వంపు అంటే పక్కకు ఏడు మీటర్లు. సొరంగం ఎక్కడా వంగలేదు. వంగినది నా గీత. ఆ ఏడు మీటర్లు తీసివేస్తే సొరంగం నేరుగా ఆమె వంటింటి కిందికి వస్తుంది. వడకట్టి పారేసిన ఆ చప్పుడుతో దంచిన కొర్రలే ఆ ఉదయం నేను తిన్నవి.

లెక్క కాగితం మీద తేలితే చాలదు. మే 9, శనివారం మళ్ళీ వెళ్ళాను. బండిని ఒక్కొక్క మజిలీలో ఆపుతాను; ముసలాయన సొరంగం నోట నుంచి తువ్వాలు ఊపుతాడు; పైన అత్తాకోడళ్ళు ఇరవై దెబ్బలు వేసి ఆగాలి. గింజలు అక్కరలేదు, ఊరకే దంచితే చాలన్నాను. ఆమె రోకలి పక్కన పెట్టేసింది.

"వట్టి రోట్లో దంచగూడదు సారూ. మేము యేసయ్యను నమ్మినోళ్ళమే. అయినా వట్టి రోలు దంచితే ఇల్లు వట్టిదయితాది."

రెండు దోసిళ్ళ కొర్రలు పోసిన తర్వాతే రోకలెత్తింది. ఆ రోలు వంటింటి నేలలో పాతిన పాత రాతి రోలు. పైకి కనిపించేది జానెడే.

దెబ్బ బలం పదిహేడో మజిలీలో ఒకటి అనుకుంటే పద్దెనిమిదిలో నాలుగు, పందొమ్మిదిలో పదకొండు, ఇరవైలో మళ్ళీ నాలుగు. పందొమ్మిదో మజిలీకి సరిగ్గా పైన ఆ రోలుంది. సొరంగం ఎక్కుతూ పోతుంది గనుక, అక్కడ దాని కప్పుకూ ఆమె నేలకూ మధ్య మందం రెండున్నర మీటర్లకు మించదు. తెర మీద ఒక్కొక్క మొన లేస్తుంటే, చీకట్లో కూర్చుని నెత్తిమీద వాళ్ళ పనిని వింటున్నట్టుంది.

పద్దు పూర్తి చేయాలని బండిని చివరిదాకా పంపాను. ఇరవై మూడో మజిలీ. ఇక దంచవద్దని కబురు పెట్టించాను. అత్తాకోడళ్ళు గడప మీద కూర్చోవడం నేనున్న చోటికి కనిపిస్తూనే ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. బండి కూలిన రాళ్ళకు ఆరడుగుల దూరంలో ఆగింది. చక్రాలు ఆగాయి. గీత చదునైంది.

తర్వాత ఒక చిన్న మొన లేచింది. ఏడు సెకన్ల తర్వాత మరొకటి. మరో ఏడు సెకన్లకు మరొకటి. పక్కన తోడు దెబ్బ లేదు. ఒక్కటే.

నీటి చుక్క బండి మీద పడుతున్నదేమో అనుకున్నాను. అదే రాసుకున్నాను కూడా. కాని ఆ సొరంగంలో దుమ్ము తప్ప చెమ్మ లేదు, బయటికి తీసినప్పుడు బండి పొడిగానే ఉంది. ముసలాయన నా భుజం మీదుగా తెర చూస్తున్నాడు. రెండు నిమిషాలు గడిచాక ఎన్ని అని అడిగాడు. పదిహేడు అన్నాను. ఏప్రిల్ 18 నాటి అంకెలు తెరిచి చూశాను. ఆనాడు పైన దంపుడు ఎనిమిదీ పదకొండుకు ఆగింది. ఇరవై మూడో మజిలీ మొదలైంది ఎనిమిదీ పన్నెండుకు. అప్పుడూ ఏడు సెకన్లకొకటి, పదిహేడు. అవి మరీ చిన్నవి. ప్రోగ్రాము ఆ మజిలీని వదలలేదు, గీతను నున్నగా చేసి ఆ మొనలను తుడిచేసింది.

ముసలాయన తలకు చుట్టిన తువ్వాలు విప్పి చంకలో పెట్టుకున్నాడు. గుండ్రాయి వెతికి తీసుకుని, నుదుటి బండ మీద మూడుసార్లు కొట్టాడు. తెర మీద మొనలు ఆగిపోయాయి. నేను ఇంకొక నిమిషం చూశాను. ఏమీ లేదు.

"ఇనినారులే" అన్నాడు.

నేను తర్కించలేదు. ఆ రోజు నాకు అంతకన్నా కష్టమైన పని ఇంకొకటి ఉంది.

గడప దగ్గరికి వెళ్ళి, నేనిచ్చిన కాగితం తప్పని చెప్పాను. ఆమె లోపలికి వెళ్ళి బైబిలు తెచ్చి, అందులోంచి కాగితం తీసి నా చేతిలో పెట్టింది. మడత కూడా నలగలేదు. కోడలు గోడ పగులు వైపు చూస్తూ నిలబడింది. తప్పు ఎలా జరిగిందో నేలమీద గీతలు గీసి చూపించాను. అంతా విని, అత్త ఒకే ప్రశ్న అడిగింది. "మేము దంచకుండా ఉండింటే?"

నిజం చెప్పాలి కాబట్టి చెప్పాను. వాళ్ళు ఆ ఉదయం దంచకపోయి ఉంటే నా గీత మొదటిసారే సరిగ్గా వచ్చేది. దంచినందువల్లే నేను తప్పాను. దంచినందువల్లే ఆ తప్పు బయటపడింది.

ఆమె నవ్వింది. "అట్లయితే లెక్క సరిపాయె సారూ. శానా దూరం తిరిగి వచ్చినారు, అంతే" అంది. తర్వాత నవ్వు పోయింది. ఎన్ని దినాలుండాయని అడిగింది. వానలలోపు అన్నాను.

కొత్త నివేదిక మే 11న పంపాను. ఏ మజిలీలను ఎందుకు వదిలానో, ఎందుకు వదలకూడదో, తప్పు ఎవరిదో అందులో రాశాను. మే 25న అత్తాకోడళ్ళు, అధికారులు రోడ్డు పక్కన ఇచ్చిన రేకుల ఇంటికి మారారు. తలుపులు, కిటికీలు, దూలాలు విప్పి తీసుకుపోయారు. రోలు మాత్రం రాలేదు. దాన్ని పెకలించాలంటే గడ్డపారతో కొట్టాలి. అక్కడ గడ్డపార వేయవద్దని నేనే గట్టిగా చెప్పాను. ఆమె పోయేముందు దోసెడు కొర్రలు తెచ్చి అందులో పోసి, మీద చేట బోర్లించింది. వట్టిగా ఇడిచి పోకూడదంది.

జూన్ 11న పెద్దవాన పడింది. 13న చివరిసారి బండిని దించాను. ముసలాయన మూడుసార్లు కొట్టాడు. పద్దెనిమిదో మజిలీ దాకా అంతా మామూలే. పందొమ్మిదో మజిలీ ఇంకా అడుగు దూరముందనగా ఇద్దరు సాక్షులూ విడిపోయారు. బండి పోతూనే ఉందని చక్రాలు లెక్కపెడుతున్నాయి; బండి ఆగి ఉందని సెన్సరు చెబుతున్నది. మార్చిలో బల్లమీద ఉండి నది దాటిన సెన్సరే అది. ఈసారి దాన్నే నమ్మాను. చక్రాలు ఆపి, దీపం పెంచి, కెమెరాలో చూశాను.

సొరంగం నడుమ ఎర్రమట్టి కుప్ప. పైనుంచి ఒక స్తంభంలాగా వెలుతురు దిగుతున్నది. నలభై ఏళ్ళలో ఆ చోటికి వచ్చిన మొదటి పగటి వెలుతురు. ఆ వెలుతురులో, కుప్ప ముందు, రోలు నిలువుగా కూర్చుని ఉంది. పడినట్టు లేదు, ఎవరో తెచ్చి పెట్టినట్టుంది. బండి దాని పొట్టకు ఆనుకుని ఉంది. అలవాటు ప్రకారం రెండు నిమిషాలు ఆపి ఉంచాను, వడపోత పెట్టలేదు. గీత చివరిదాకా చదునుగా ఉంది.

పైకి ఎక్కి చూశాము. వంటింటి నేల లేదు. గోడలు మూడు నిలబడి ఉన్నాయి, నడుమ బావిలాంటి గుంత. పొయ్యి ఉన్న చోటు, వాళ్ళు నిలబడి దంచిన చోటు, నేను కూర్చుని తిన్న చోటు, అన్నీ ఆ గుంతలోనే.

రోడ్డు పక్కన రేకుల ఇంటికి వెళ్ళి ఫోనులో ఆ ఫోటో చూపించాను. కోడలు చూసి వెంటనే ముఖం తిప్పుకుంది. అత్త ఫోను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. లోపల గింజలుండాయా అని అడిగింది. కెమెరా అంత ఎత్తుకు అందలేదు, చూడలేదన్నాను. చూడనిదాన్ని ఉందనీ లేదనీ నేను అనలేను.

"ఉంటాయిలే" అంది. "లోపల ముగ్గురుండారంట గదా. వట్టి చేతుల్తో పోలేదు, మంచిదే."

ఇంటికి వచ్చి పద్దు మూసివేశాను. ఒక్కొక్క మజిలీ ఎదుట కారణం గడి నింపాను. ఇరవై మూడో మజిలీ ఎదుట రెండు అంకెలున్నాయి: 17, 17. మూడోసారి కొలవడానికి వీలులేదు. దారికి రోలు అడ్డంగా ఉంది. కారణం గడిలో ఒకప్పుడు నీటి చుక్క అని రాసి ఉన్నాను. దాన్ని కొట్టివేసి, గడిని ఖాళీగా ఉంచాను.